నిర్వహణ, నాయకత్వము - ఒక విద్యార్థిగా నేను నేర్చుకొన్నవి

(డయాసిస్ శతాబ్ది ఉత్సవముల సందర్భముగా పాస్టరేట్ కమిటీ సభ్యులు, సంఘ పెద్దలు, స్త్రీల మైత్రి నాయకురాండ్ర సదస్సులో చేసిన ప్రసంగ పాఠము)



నూరు సంవత్సరముల పండుగ చేసికొనునప్పుడు మనము సాధారణముగా మిషనెరీలను, బిషప్పులను, పెద్ద దేవాలయములు కట్టించినవారిని తలచుకొంటాము. తలచుకొనవలసినదే. కాని ఈ నూరేండ్లలో ప్రతి ఆదివారము తెల్లవారుజామున లేచి గంట కొట్టినవారున్నారు. కానుక సంచిలోని చిల్లర లెక్కించినవారున్నారు. ఇంటింటికి తిరిగి పిడికెడు బియ్యము పోగుచేసిన తల్లులున్నారు. దీపపు వెలుగులో బాప్తిస్మముల రిజిస్టరు నింపిన ఉపదేశులున్నారు. వారి పేర్లు ఏ శిలాఫలకము మీదను లేవు. అయినను వారు ఆ పని చేయకపోయినట్లయితే ఈనాడు మనము ఈ పందిరిక్రింద కూర్చుండేవారము కాము. వారు చేసినదానికే ఈ కాలములో నిర్వహణ అని పేరు పెట్టినారు.

ఈ అంశముమీద మాట్లాడవలెనని కార్యదర్శిగారు ఉత్తరము వ్రాసినప్పుడు నాకు కొంత భయము కలిగినది. నేను మేనేజిమెంటు పట్టభద్రుడను కాను. వేదశాస్త్ర కళాశాలలో చదివి, పల్లె సంఘములలో పని చేయుచున్న ఒక గురువును మాత్రమే. అందుచేత పండితునిగా కాక విద్యార్థిగా మాట్లాడతాను. నలుబది దాటినవాడు విద్యార్థి ఎట్లవుతాడని మీరు నవ్వవచ్చును. కాని ఈ విషయములో నేను తరగతి గదిలో నేర్చుకొన్నది కొంచెమే. తరువాత సంఘములో, సంఘస్థుల చేత నేర్చుకొన్నదే ఎక్కువ. ఆ నేర్పులో ఒక పాఠమునకు నేను చెల్లించిన వెల చాల పెద్దది. దానిని కూడ ఈ దినమున దాచకుండ చెప్పుతాను.

తరగతి గదిలో

బి.డి. చదువుచున్న రోజులలో మాకు సంఘ పరిపాలన అని ఒక పాఠ్యాంశముండేది. నిజము చెప్పవలెనంటే నాకు దానిపై ఆసక్తి లేదు. గ్రీకు, హెబ్రీ, సంఘ చరిత్ర, వేదాంతము చదువుకొనుటకు వచ్చినవానికి ఈ లెక్కల పుస్తకములు, మీటింగు మినిట్సులు ఎందుకని అనుకొనేవాడను. ప్రసంగము చక్కగా చెప్పితే సంఘము దానంతటదే నడుచునని నా నమ్మకము.

ఆ పాఠము చెప్పిన అధ్యాపకులు మొదటి దినమున హెన్రీ ఫాయోల్ అను ఫ్రెంచివాని గురించి చెప్పినారు. ఆయన గనుల ఇంజనీరు. బొగ్గు గనుల కంపెనీని అనేక సంవత్సరములు నడిపిన అనుభవముతో 1916లో ఒక గ్రంథము ప్రకటించినాడు. నిర్వహణ అనునది అయిదు పనులని చెప్పినాడు: ముందుగా ఆలోచించి ప్రణాళిక వేయుట, మనుష్యులను వస్తువులను అమర్చుట, ఆజ్ఞాపించుట, అందరి పనిని సమన్వయపరచుట, అనుకొన్నట్లు జరుగుచున్నదో లేదో చూచుట. వీటితోపాటు పదునాలుగు సూత్రములు కూడ చెప్పినాడు. అందులో ఒకటి, పనివానికి ఒకే అధికారి నుండి ఆజ్ఞలు రావలెననునది.

ఆ సూత్రము విని మేమందరము నవ్వినాము. ఎందుకనగా మా ఊరి చర్చిలో గంట కొట్టే తాతకు అయ్యగారు ఒక పని చెప్పుదురు. అమ్మగారు మరియొక పని చెప్పుదురు. సెక్రటరీగారు కుర్చీలు వేయుమందురు. ట్రెజరరుగారు అవే కుర్చీలు తీయుమందురు. చివరకు అందరు కలిసి తాత మాట వినడని కమిటీలో ఫిర్యాదు చేయుదురు. ఫాయోల్ మన చర్చిని చూడకుండనే ఆ తాత పక్షమున మాట్లాడినాడు.

తరువాత మా అధ్యాపకులు నిర్గమకాండము 18వ అధ్యాయము తెరువుమన్నారు. మోషే ఉదయము మొదలుకొని సాయంకాలమువరకు కూర్చుండి ఒక్కడే తీర్పు తీర్చుచున్నాడు. ప్రజలు ఎండలో నిలిచియున్నారు. మామయైన యిత్రో వచ్చి చూచి, ఇది మంచి పని కాదు, నీవును నలిగిపోవుదువు, ప్రజలును నలిగిపోవుదురు అన్న భావముతో హెచ్చరించినాడు. వేయిమందికి, నూరుమందికి, ఏబదిమందికి, పదిమందికి పెద్దలను నియమింపుమని సలహా ఇచ్చినాడు. అల్లుడు మామ మాట విన్నాడు. అది చిన్న సంగతి కాదు. ఎర్ర సముద్రము దాటించినవాడు, పొరుగు దేశపు ముసలివాని సలహాను స్వీకరించినాడు.

నేను ఈ పాఠమును కంఠస్థము చేసి పరీక్షలో మంచి మార్కులే తెచ్చుకొన్నాను. కాని ఒక సంగతి గమనించలేదు. యిత్రో పెద్దలను నియమించుమని చెప్పి ఊరుకొనలేదు. వారు ఎట్టివారై యుండవలెనో 21వ వచనములో చెప్పినాడు. సమర్థులు కావలెను, దైవభక్తి గలవారు కావలెను, నమ్మదగినవారు కావలెను, లంచమును అసహ్యించుకొనువారు కావలెను. సామర్థ్యము ఆ నాలుగింటిలో ఒకటి మాత్రమే. నేను ఆ రోజులలో సామర్థ్యము ఒక్కదానినే చూచేవాడను, అదియును నా సామర్థ్యమునే.

మొదటి పాస్టరేటు

నన్ను మొదటిసారిగా నియమించిన పాస్టరేటులో ఏడు గ్రామ సంఘములుండేవి. నాకు ముందున్న అయ్యగారు వృద్ధులు, నెమ్మదస్థులు. నేను కొత్త చదువుతో, కొత్త మోటారు సైకిలుతో వెళ్లినాను. ఆరు నెలలలో అన్నియు నా చేతిలోనికి తీసికొన్నాను. ఆదివారపు బడి పాఠములు నేనే తయారు చేసినాను. గాయక బృందమునకు పాటలు నేనే ఎన్నిక చేసినాను. కమిటీలో ఎజెండా నేనే వ్రాసి, నేనే మాట్లాడి, తీర్మానము కూడ నేనే చదివేవాడను. సంఘస్థులు మా అయ్యగారు చాల చురుకైనవారు అనేవారు. నేను దానిని మెప్పు అనుకొన్నాను. వారు ఒక్కొక్కరుగా పని విడిచిపెట్టుచున్నారని నాకు తెలియలేదు.

ఆ సంఘములో ట్రెజరరుగా ఉన్నవారు రిటైరైన బడిపంతులు. అందరు మాస్టారు అనేవారు. పదునెనిమిది సంవత్సరములుగా ఆయనే లెక్కలు చూచుచుండెను. ఒక పొడుగాటి పుస్తకములో చిన్న చిన్న అక్షరములతో వ్రాసేవారు. కళాశాలలో నేను నేర్చుకొన్న పద్ధతికి అది భిన్నముగా ఉండుటచేత నాకు చిన్నచూపు కలిగినది.

ఆ సంవత్సరము కోతపండుగ బాగుగా జరిగినది. మీకందరికి తెలిసినదే, ఆరాధన తరువాత వేలంపాట జరుగును. వడ్ల బస్తాలు, గుమ్మడికాయలు, అరటిగెలలు, కోళ్లు వేలము వేయుదురు. ఒక నిమ్మకాయ అయిదువందల రూపాయలకు పోవును. ఉత్సాహములో పాట పాడినవారు అందరు ఆ క్షణమున డబ్బు చెల్లించరు. యువజన కార్యదర్శి పేరు, వస్తువు, మొత్తము జాబితాలో వ్రాసికొనును. డబ్బు తరువాత వచ్చును.

నేను ఆ జాబితా తీసికొని కూడినాను. 31,600 రూపాయలు వచ్చినది. మాస్టారి పుస్తకములో కోతపండుగ పద్దు చూచినాను. 27,250 రూపాయలు ఉన్నది. తేడా 4,350. నా గుండె దడదడలాడినది. ఆ రాత్రి నిద్రపట్టలేదు. మరునాడు కమిటీ మీటింగు. పన్నెండుమంది సభ్యుల ఎదుట నేను లేచి, ఈ 4,350 రూపాయలు ఏమైనవో మాస్టారుగారు సంఘమునకు జవాబు చెప్పవలెనని అన్నాను. అంతటితో ఆగక, దేవుని సొమ్ము విషయములో నేను ఎవరి ముఖమును చూచువాడను కానని కూడ అన్నాను. ఆ మాట అన్నప్పుడు నాకు నేను ప్రవక్తవలె కనబడినాను.

మాస్టారు వెంటనే మాట్లాడలేదు. కండువా సర్దుకొని లేచినారు. పెట్టె తాళపుచెవి బల్లమీద పెట్టినారు. "లెక్క పుస్తకములోనే ఉన్నది, అయ్యగారూ" అని మాత్రము చెప్పి వెళ్లిపోయినారు. తరువాతి ఆదివారము ఆయన ప్రభువు బల్లకు రాలేదు. దాని తరువాతి ఆదివారమును రాలేదు.

మూడు వారములైన తరువాత, కొత్తగా ట్రెజరరైన కుర్రవాడు ఆ పుస్తకము పట్టుకొని నా ఇంటికి వచ్చినాడు. ఏమియు మాట్లాడక చివరి అట్టలో మడిచి పెట్టిన ఒక చీటీ తీసి నా చేతికిచ్చినాడు. కోతపండుగ బాకీలు అని పైన వ్రాసి, పదకొండు పేర్లు వరుసగా ఉన్నవి. కూడిక 4,350. మాస్టారు వచ్చిన డబ్బును పద్దులో వ్రాసినారు, రావలసిన డబ్బును చీటీలో వ్రాసినారు. నేను రావలసినదానిని వచ్చినదిగా లెక్కించినాను. అంతే తేడా.

ఆ పదకొండు పేర్లలో ఒక వితంతువు పేరున్నది. ఆమె భర్త జ్ఞాపకార్థము అరటిగెల పాడినది. మూడవ పేరు చదివినప్పుడు నాకు కన్నులు తిరిగినవి. "నాటుకోడి, 650 రూపాయలు, అయ్యగారు" అని వ్రాసియున్నది. ఆ కోడిని మా ఇంటిలో వండుకొని తిన్నాము. డబ్బు ఇయ్యలేదు. మరచిపోయినాను.

అరుగుమీద నేర్చుకొన్న పాఠము

ఆ సాయంకాలమే మాస్టారి ఇంటికి వెళ్లినాను. ఆయన అరుగుమీద కూర్చుండియున్నారు. నేను క్షమించుమని అడుగబోతే, ముందు కూర్చోండి అన్నారు. మజ్జిగ తెప్పించినారు. తరువాత చెప్పినారు: "అయ్యగారూ, ఆ పేర్లు కమిటీలో చదివితే ఆ అమ్మ వచ్చే ఏడు పండుగకు రాదు. మీ పేరు చదివితే ఇంక మీరు పుల్పిటు ఎక్కలేరు. అందుకని ఊరుకున్నాను. తాళపుచెవి పోయినందుకు బాధ లేదు. కాని మీరు ఒక్కసారి ఈ అరుగుమీదికి వచ్చి అడిగియుంటే సరిపోయేది."

మత్తయి సువార్త 18వ అధ్యాయము 15వ వచనము మీద నేను ఎన్ని పర్యాయములు ప్రసంగము చెప్పియుందునో లెక్కలేదు. సహోదరుడు తప్పు చేసినట్లు తోచితే మొదట నీవును అతడును ఒంటరిగా ఉన్నప్పుడు మాట్లాడుమని ప్రభువు ఆజ్ఞ. రెండవ మెట్టులో ఒకరిద్దరు సాక్షులు. మూడవ మెట్టులో సంఘము. నేను మూడవ మెట్టుతో ప్రారంభించినాను. గ్రీకులో ఆ వచనమును చదువగలిగినవాడను, తెలుగులో దానిని ఆచరించలేకపోయినాను.

ఆ ఆదివారము పాపపు ఒప్పుకోలుకు ముందు, సంఘమంతటి ఎదుట నా తప్పును చెప్పినాను. ఎవరిని నిందించితినో చెప్పినాను, నేను చెల్లించని 650 రూపాయలను గూర్చియు చెప్పినాను. మిగిలిన పది పేర్లు చెప్పలేదు. మాస్టారు ఆ దినమున ప్రభువు బల్లకు వచ్చి మోకరించినారు. ఆయన చేతిలో రొట్టె పెట్టునప్పుడు నా చేయి వణకినది.

అంతా బాగైపోయినదని చెప్పి ముగిస్తే మీకు ఆనందముగా ఉండును. కాని అది సత్యము కాదు. మాస్టారు క్షమించినారు. ఆయన కుమారుని కుటుంబము మాత్రము మన ఆరాధనకు మరల రాలేదు. నేను పలుమారులు వెళ్లినాను. మర్యాదగా కూర్చుండబెట్టి టీ ఇచ్చినారు. రాలేదు. ఒక్క మీటింగులో, ఒక్క నిమిషములో నేను పలికిన మాటకు అది ఫలము. నాయకుని నోటిమాట ఎంత బరువైనదో నాకు ఏ పుస్తకమును అంతగా నేర్పలేదు.

లెక్క ప్రేమకు శత్రువు కాదు

ఈ సంగతి విన్న కొందరు, చూచితిరా, సంఘములో లెక్కలు, రసీదులు ఎక్కువైతే ఇట్లే జరుగును, నమ్మకముంటే చాలునని అంటారు. నేను నేర్చుకొన్నది దానికి వ్యతిరేకము. మాకు సరియైన పద్ధతి ఉండియుంటే మాస్టారిమీద నింద పడేది కాదు. జాబితా ఒకరియొద్ద, పద్దు మరియొకరియొద్ద, బాకీల చీటీ అట్టలో ఉండుటవలన ఒక యథార్థవంతుడు దొంగవలె నిలువవలసి వచ్చినది. మంచి లెక్క అనుమానముతో పుట్టినది కాదు. అది నమ్మకస్థుని చుట్టు కట్టిన ప్రహరీ గోడ.

అపొస్తలుడైన పౌలు యెరూషలేములోని పేదలకొరకు చందా పోగుచేసినప్పుడు ఏమి చేసినాడో 2 కొరింథీయులకు వ్రాసిన పత్రిక 8వ అధ్యాయములో చూడండి. ఆ డబ్బును తానొక్కడే తీసికొనిపోలేదు. తీతుతోపాటు సంఘములు ఏర్పరచిన సహోదరులను పంపినాడు. దేవుని దృష్టికి మాత్రమే కాక మనుష్యుల దృష్టికిని యోగ్యముగా ఉండవలెననియే ఆయన ఉద్దేశము. పౌలు తనను తాను నమ్ముకొనలేకనా అట్లు చేసినది? కాదు. తన పేరునుబట్టి సువార్తకు మచ్చ రాకూడదని చేసినాడు. సమూయేలు వృద్ధాప్యములో ప్రజలయెదుట నిలిచి, నేను ఎవరి ఎద్దును తీసికొంటినో చెప్పుడని అడిగినాడు. పదవి విడుచునప్పుడు అట్లు అడుగగల ధైర్యము మనలో ఎందరికున్నది?

ఆ తరువాత మా పాస్టరేటులో కొన్ని ఏర్పాట్లు చేసికొన్నాము. కానుకలు ఎప్పుడును ఒక్కరే లెక్కించరాదు, ఇద్దరు లెక్కించవలెను, వారిలో ఒకరు స్త్రీల మైత్రి సభ్యురాలై యుండవలెను. పెట్టెకు రెండు తాళములు, రెండు చెవులు రెండిండ్లలో. వేలంపాట పుస్తకములో పాడినది, చెల్లించినది, బాకీ అని మూడు గడులు. ప్రతి నెల మొదటి ఆదివారము వచ్చినది, ఖర్చయినది, నిలువ బిగ్గరగా చదువుట. ఈ కాలములో ఫోను ద్వారా కానుకలు పంపువారు ఎక్కువైనారు. అది మంచిదే. కాని ఆ ఫోను గురువుదై యుండరాదు. ట్రెజరరు సొంత ఖాతా అయినను కూడదు. సంఘము పేర ఉన్న ఖాతాకే అది చేరవలెను, దానికిని రసీదు ఉండవలెను.

కమిటీ అనే బడి

కమిటీలను గూర్చి ఒక మాట. పార్కిన్సన్ అను ఇంగ్లీషు రచయిత 1957లో ప్రచురించిన పుస్తకములో హాస్యముగా ఒక కమిటీని వర్ణించినాడు. ఆ కమిటీ కోట్ల ఖర్చుతో కూడిన అణు రియాక్టరును కొద్ది నిమిషములలో ఆమోదించినది, ఎందుకనగా అది ఎవరికిని అర్థము కాలేదు. సైకిళ్లు పెట్టుకొను షెడ్డు విషయము వచ్చినప్పుడు మాత్రము అందరు గంటలతరబడి వాదించినట్లు వాదించినారు, ఎందుకనగా సైకిలు షెడ్డు అందరికిని తెలిసినదే. మన కమిటీలలోను ఇదే చూస్తాము. క్రిస్మసుకు పందిరి గుడ్డ ఏ రంగుది కావలెనను దానికి రాత్రి పదిగంటలవరకు చర్చ. గ్రామములో ఎందరు పిల్లలు బడి మానివేసినారు, ఏ కుటుంబము అప్పులలో మునిగియున్నది, ఏ ముసలితల్లి ఒంటరిగా మంచమెక్కియున్నది అనువాటికి సమయము చాలదు. ఎజెండాలో మొదట మనుష్యులను వ్రాయండి. పందిరి గుడ్డను చివర వ్రాయండి. ఇది నేను చేసిచూచినాను, ఫలితమున్నది.

అపొస్తలుల కార్యములు 6వ అధ్యాయములో మొదటి సంఘమునకు వచ్చిన తగాదా కూడ భోజనపు వడ్డన విషయమే. గ్రీకుభాష మాట్లాడు యూదుల విధవరాండ్రను అనుదిన పరిచర్యలో చిన్నచూపు చూచుచున్నారని సణుగుడు పుట్టినది. అపొస్తలులు ఆ సణుగుడును అణచివేయలేదు. ఏడుగురిని ఏర్పరచుకొనుమని సంఘమునకే చెప్పినారు. ఆ ఏడుగురి పేర్లు చదవండి: స్తెఫను, ఫిలిప్పు, ప్రొకొరు, నీకానోరు, తీమోను, పర్మెనాసు, నీకొలాసు. అన్నియు గ్రీకు పేర్లే. అనగా బాధపడినవారి పక్షమువారి చేతికే వడ్డన గరిటె ఇచ్చినట్లు కనబడుచున్నది. మన కమిటీలలో ఎవరి పేర్లున్నవి, ఎవరి పేర్లు లేవు? ఏ పేట వారు లేరు? స్త్రీలెందరు? యువజనులెందరు? సణుగుడు వినబడినప్పుడు దానిని సాతాను పని అని కొట్టివేయక ముందు ఈ ప్రశ్న వేసికొనవలెను.

దోర్నకల్ నుండి ఒక సాక్ష్యము

మన తెలుగు సంఘ చరిత్రలో నాయకత్వమును గూర్చి చెప్పునప్పుడు బిషప్ వేదనాయగం శామ్యూల్ అజరయ్యగారిని మరువలేము. ఆయన 1874లో తిరునెల్వేలి ప్రాంతములో జన్మించిన తమిళుడు. వై.యం.సి.ఎ.లో కార్యదర్శిగా పని చేసినారు. 1903లో తిరునెల్వేలి క్రైస్తవులు స్థాపించిన ఇండియన్ మిషనరీ సొసైటీలోను, 1905లో ప్రారంభమైన నేషనల్ మిషనరీ సొసైటీలోను ప్రముఖ పాత్ర వహించినారు. ఒక పెద్ద సంస్థలో ఉన్నత స్థానమును విడిచి, 1909లో దోర్నకల్ వచ్చి, తెలుగు నేర్చుకొని, పల్లెలలో పని ప్రారంభించినారు. 1910లో ఎడిన్‌బరోలో జరిగిన ప్రపంచ మిషనెరీ మహాసభలో నిలిచి, విదేశీయులు మా కొరకు త్యాగములు చేసినారు, కాని మాకు స్నేహితులు కావలెనని నిర్భయముగా చెప్పినారు. 1912 డిసెంబరు 29న కలకత్తాలో అభిషేకము పొంది, ఆంగ్లికన్ సంఘములో మొదటి భారతీయ బిషప్ అయినారు.

ఆయన నాయకత్వములో విశేషమేమి? పని అంతయు తానే చేయలేదు. పల్లె ఉపాధ్యాయులను, ఉపదేశులను, స్థానిక గురువులను తయారు చేయుటయే తన ముఖ్యమైన పనిగా ఎంచుకొన్నారు. బాప్తిస్మము పొందిన ప్రతివారు, చదువురాని కూలివారైనను, తలపై చేయి పెట్టుకొని సువార్త ప్రకటించు బాధ్యతను ఒప్పుకొనునట్లు చేసినారు. క్రైస్తవుడు ఇచ్చువాడై యుండవలెనని బోధించి, ఇచ్చుటను గూర్చి ఒక పుస్తకమే వ్రాసినారు. ఊరివెలుపల, ఎవరి యెదుటను తలయెత్తి నిలువరాదని తరతరములుగా చెప్పబడిన మన పితరులు, నేను ఇయ్యగలను, నేను చెప్పగలను అని తెలిసికొనినది ఆ బోధవలననే. మనిషిని నిలువబెట్టుటయే నాయకత్వము.

దక్షిణ భారతమున సంఘముల ఐక్యతకొరకు 1919లో తరంగంబాడిలో జరిగిన సమావేశమునుండి ఆయన శ్రమించినారు. 1945 జనవరి 1న ప్రభువునందు నిద్రించినారు. దక్షిణ ఇండియా సంఘము 1947 సెప్టెంబరు 27న మద్రాసులో ప్రారంభమైనది. ఆ దినమును ఆయన కన్నులు చూడలేదు. మోషే వాగ్దాన దేశమును దూరమునుండి చూచినట్లే. అయినను మోషే యెహోషువమీద చేతులుంచినాడు. తాను దాటని నదిని దాటుటకు మరియొకని సిద్ధపరచినాడు.

ఇక్కడ మా మాస్టారి మాట మరల చెప్పవలెను. ట్రెజరరు పదవిని తిరిగి తీసికొనుమని మేమందరము బ్రతిమాలినాము. ఆయన ఒప్పుకొనలేదు. "నా వయస్సు అయిపోయినది. ఈ కుర్రవానికి నేర్పుతాను" అన్నారు. ప్రతి శనివారము సాయంకాలము ఆ అరుగుమీద వారిద్దరు పుస్తకము ముందు పెట్టుకొని కూర్చుండేవారు. తనను తప్పించిన స్థానములో కూర్చున్నవానికి ఓపికతో లెక్క నేర్పిన ఆ మనిషిని చూచి, నాయకుడనగా ఎవరో నేను తెలిసికొన్నాను. పదవిని పట్టుకొని వ్రేలాడుటకు కోర్టులవరకు వెళ్లుచున్న ఈ దినములలో, ఎన్నికలలో గెలుపుకొరకు సహోదరులు మాటలు మానుకొనుచున్న ఈ దినములలో, ఆ అరుగు నాకు తరచుగా జ్ఞాపకము వచ్చును.

తువాలు

అమెరికాలో పెద్ద టెలిఫోను కంపెనీలో దాదాపు నలుబది సంవత్సరములు పని చేసిన రాబర్ట్ గ్రీన్‌లీఫ్ అను ఆయన, 1970లో సేవకుడే నాయకుడు అను భావముతో ఒక వ్యాసము వ్రాసినాడు. నాయకత్వము మంచిదో కాదో తెలిసికొనుటకు ఆయన చెప్పిన పరీక్ష, ఆ నాయకుని క్రిందనున్న మనుష్యులు ఎదుగుచున్నారా లేదా అనునది. వ్యాపార ప్రపంచము దానిని గొప్ప నూతన సిద్ధాంతముగా స్వీకరించినది. మనకు అది నూతనమా? ప్రభువు ఆ రాత్రి భోజనపు పంక్తిలోనుండి లేచి, తువాలు నడుమునకు కట్టుకొని, శిష్యుల పాదములు కడిగినాడు. అన్యజనుల అధికారులవలె మీలో ఉండకూడదని మార్కు సువార్త 10వ అధ్యాయములో స్పష్టముగా చెప్పినాడు. మనయొద్ద ఉన్న నిధిని ఇతరులు త్రవ్వి తీసికొని మనకే చూపించవలసి వచ్చినది.

నా మొదటి పాస్టరేటులో ఆరు నెలలు నేను చాల పని చేసినాను. గ్రీన్‌లీఫ్ పరీక్ష పెట్టియుంటే సున్న మార్కులు వచ్చియుండును, ఎందుకనగా ఎవరును ఎదుగలేదు. ఆదివారపు బడి చెప్పే చెల్లెలు చెప్పుట మానినది. పాట ఎత్తే అన్న వెనుక బెంచీకి వెళ్లినాడు. నేను అలసిపోయినాను, వారు ఎండిపోయినారు. యిత్రో చెప్పినది అక్షరాల నెరవేరినది.

ముగింపు

ప్రియులారా, రెండవ నూరేండ్లలోనికి అడుగుపెట్టుచున్నాము. భవనములున్నవి, భూములున్నవి, బడులున్నవి. వాటిని కాపాడుటకు నిర్వహణ కావలెను. దానిని ప్రపంచపు విద్య అని తృణీకరించకండి. నెహెమ్యా రాత్రివేళ గోడ చుట్టు తిరిగి పాడైన చోటులను తానే చూచినాడు. ఎవరి ఇంటి ఎదుటి భాగమును వారికప్పగించినాడు. 52 దినములలో గోడ పూర్తియైనది. అధిపతికి రావలసిన భత్యమును 12 సంవత్సరములు తీసికొనలేదు. ప్రార్థనాపరుడైన నెహెమ్యాయే లెక్క తెలిసిన నెహెమ్యా. ఆ రెండును ఒక్క మనిషిలో ఉండగలవు.

మీరు ఇండ్లకు వెళ్లిన తరువాత మూడు పనులు చేయుడని బ్రతిమాలుచున్నాను. మొదటిది, మీ పాస్టరేటు లెక్క పుస్తకమును ఈ నెలలోనే ఇద్దరు కలిసి చివరి అట్టవరకు చదవండి. రెండవది, మీరు చేయుచున్న పనిని నేర్పుటకు ఒక చిన్నవానిని గాని, ఒక చిన్నదానిని గాని ఎంచుకొనండి. మూడవది, ఎవరిమీదనైన మీకు అనుమానమున్న యెడల, కమిటీకి పోకముందు వారి అరుగుమీదికి వెళ్లండి.

కొన్ని సంవత్సరముల క్రిందట మాస్టారు ప్రభువునొద్దకు వెళ్లినారు. సమాధి కార్యక్రమమునకు నన్ను పిలిచినారు. మన ఆరాధనకు రాని ఆయన కుమారుడు నా ప్రక్కనే నిలిచి మన్ను వేసినాడు. ఆ దినమున మేము ఏమియు మాట్లాడుకొనలేదు. అయినను నేను ఆ ఇంటికి వెళ్లుట మానలేదు, మానను. ఆ సమాధానముకొరకు నాతోకూడ మీరును ప్రార్థించుడని కోరుచున్నాను.

మందను విచారించుటకు పిలువబడిన మనలనందరిని, ప్రభువులమైనట్టు కాక మాదిరులమై ఉండునట్లు, ప్రధాన కాపరియైన యేసుక్రీస్తు నడిపించునుగాక. ఆమేన్.